లీగ్‌లో ఒక గన్‌ను బ్యాన్ చేయాలంటే: ఫిర్యాదు నుంచి ప్రకటన దాకా

మీరు ఒక షూటర్ గేమ్‌కి లీగ్ నడుపుతున్నారనుకుందాం. ఆడేది ఎనిమిది టీమ్‌లు కావచ్చు, ఎనభై కావచ్చు. ఏదో ఒక రోజు ఒక కెప్టెన్ వచ్చి "ఆ గన్ తీసేయండి, అది ఉన్నంతకాలం ఆడటం దండగ" అంటాడు. మర్నాటికి ఇంకో ముగ్గురు అదే అంటారు. సాయంత్రానికి ఇద్దరు "అది తీసేస్తే మేం లీగ్‌లోనే ఉండం" అంటారు. ఈ గొడవ ఆగితే చాలు, ఏదో ఒకటి తేల్చేద్దాం అనిపిస్తుంది. తొందరపడకండి.

నేను ఒక చిన్న లీగ్ రూల్స్ కమిటీలో కొన్ని సీజన్లు పని చేశాను. మేం తప్పు బ్యాన్‌లు చేశాం, సరైనవీ చేశాం. ప్లేయర్లు మాకు బాగా దూరమైంది మాత్రం ఒక సరైన బ్యాన్‌ను సరిగ్గా చెప్పలేకపోయినప్పుడు. "ఫలానా గన్ ఈ రోజు నుంచి నిషేధం, సహకరించగలరు" అని ఒక్క వాక్యం పెట్టి ఊరుకున్నాం. ఆ గన్ మీద నెలల తరబడి సాధన చేసిన ఒక కుర్రాడు "నేనేం తప్పు చేశానండీ?" అని అడిగాడు. కారణం కమిటీలో అందరికీ తెలుసు. కానీ ఎక్కడా రాసి లేదు, అడిగితే ఒక్కొక్కరం ఒక్కో రకంగా చెప్పాం. అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పట్టుకున్నాను: ముందు ప్రకటన రాయాలి, ఆ తర్వాతే ఓటు వేయాలి. రాయలేకపోతే ఓటు పెట్టకూడదు. కింద చెప్పేదంతా ఆ ప్రకటనను రాయగలిగే స్థితికి చేరడం ఎలా అన్నదే.

ముందు ఫిర్యాదు ఏ రకమో తేల్చుకోండి

పైకి అన్ని ఫిర్యాదులూ ఒకేలా వినిపిస్తాయి. లోపల నాలుగు రకాలుంటాయి, ఒక్కోదానికి మందు వేరు.

మొదటిది బగ్. గన్ దాన్ని తయారుచేసినవాళ్లు అనుకున్నట్టు పనిచేయడం లేదు. గోడలోంచి తగులుతోంది, లేదా చేతులు మార్చి పట్టుకుంటే గుళ్లు అయిపోవడం లేదు. రెయిన్‌బో సిక్స్ సీజ్‌లో పెద్ద డాలు పట్టుకునే క్లాష్ అనే ఆపరేటర్‌ను (ఆటలోని పాత్రను) ఆ గేమ్ కంపెనీ యూబిసాఫ్ట్ ఇలాంటి బగ్‌ల వల్లే ఒకటికి రెండుసార్లు ఆటలోంచి తాత్కాలికంగా పక్కన పెట్టి, బాగుచేసి మళ్లీ తెచ్చింది. బగ్‌కి ఓటింగ్ అక్కర్లేదు. వీడియోలో స్పష్టంగా కనబడితే అడ్మిన్ ఆ గంటలోనే ఆపేయొచ్చు. ప్యాచ్ (గేమ్ కంపెనీ చేసే సవరణ) వచ్చాక తిరిగి ఇస్తామన్న మాట మాత్రం ఆపేటప్పుడే చెప్పాలి.

రెండోది అతి బలం. 2018 డిసెంబర్‌లో ఫోర్ట్‌నైట్‌లోకి ఇన్ఫినిటీ బ్లేడ్ అనే కత్తి వచ్చింది. దాన్ని పట్టుకున్నవాడికి వేగం, ఎత్తుకు దూకే శక్తి, ఎక్కువ దెబ్బలు తట్టుకునే ఆరోగ్యం అన్నీ ఒకేసారి వచ్చేవి. అప్పుడు వింటర్ రాయల్ టోర్నమెంట్ కూడా నడుస్తోంది. కత్తి వచ్చిన మూడు రోజులకే ఎపిక్ గేమ్స్ దాన్ని తీసేసింది. సరిగ్గా ఎదుర్కొనే దారి లేకుండా అంత బలమైన వస్తువును వదలడం తమ పొరపాటేనని ఒప్పుకుంది కూడా. ఇందులో "ఎదుర్కొనే దారి" అన్న మాట పట్టుకోండి. ప్రతి గేమ్‌లోనూ ఏదో ఒక గన్ మిగతావాటికన్నా బలంగానే ఉంటుంది. ఎదుటి టీమ్ ఎంత తెలివిగా ఆడినా దానికి జవాబు లేనప్పుడే బ్యాన్ మాట ఎత్తాలి.

మూడోది ఆట చెడిపోవడం. ఆ గన్ ఎవర్నీ ప్రత్యేకంగా గెలిపించకపోవచ్చు, కానీ అది ఉంటే మ్యాచ్ మ్యాచ్‌లా ఉండదు. టీమ్ ఫోర్ట్రెస్ 2 లీగ్‌లను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఆరుగురు ఆడే ఫార్మాట్ అంతా వేగం మీద, కదలిక మీద నడుస్తుంది. తగిలినవాణ్ని నెమ్మది చేసే నటాషా అనే గన్, ఎంచుకున్న రకం దెబ్బల నుంచి కాపాడే, మెడిక్ (వైద్యుడి పాత్ర) ఆయుధం వ్యాక్సినేటర్ లాంటివి ఆ వేగాన్ని చంపేసి, ఎవరి మూలలో వాళ్లు కూర్చునేలా చేస్తాయి. ఆ ఫార్మాట్ నడిపే లీగ్‌లు వాటిని దూరం పెడుతూ వచ్చింది అందుకే. కౌంటర్ స్ట్రైక్ 1.6లో వచ్చిన టాక్టికల్ షీల్డ్‌ను కూడా పోటీ లీగ్‌లు రానివ్వలేదు. ఈ రకం బ్యాన్‌ను సమర్థించడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే గెలుపు శాతాల్లో అది కనబడదు. "మా లీగ్‌లో ఆట ఇలా ఉండాలని మేం కోరుకుంటున్నాం" అని నేరుగా ఒప్పుకోవాల్సి వస్తుంది. ఒప్పుకోండి. అందులో తప్పేమీ లేదు. అలా చెప్పడానికి మొహమాటపడి, కారణం కాని అంకెల్ని కారణంగా చూపిస్తే ఎవరో ఒకరు వాటిని విడదీసి చూపిస్తారు. ఆ తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మరు.

నాలుగోది కొత్తదనం. నిన్న వచ్చిన గన్ గురించి ఎవరికీ ఏమీ తెలియదు, అందుకే భయం. చాలా పెద్ద లీగ్‌లు కొత్త పాత్రల్ని, కొత్త వస్తువుల్ని విడుదలైన వెంటనే మ్యాచ్‌లలోకి రానివ్వకుండా కొంత గడువు పెడతాయి. మీరూ పెట్టుకోండి. కాకపోతే ఆ గడువు సీజన్ మొదలవక ముందే రూల్‌బుక్‌లో ఉండాలి. గన్‌ను చూశాక రాసిన గడువు ఆ గన్ మీద కక్షలా కనిపిస్తుంది.

"ఓపీ" అన్న మాటతో వచ్చినవాళ్లను కూర్చోబెట్టి రాయించండి

"ఆ గన్ ఓపీ" (ఓవర్‌పవర్డ్, మరీ బలమైనది) అంటే కమిటీకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఫిర్యాదు చేసేవాళ్ల దగ్గర నాలుగు సంగతులు తీసుకోండి: గన్ ఏది, ఏ మ్యాప్‌లో ఏ పరిస్థితిలో, అది పట్టుకున్నవాడు ఏం చేయగలుగుతున్నాడు, దానికి జవాబుగా వాళ్లు ఏమేం ప్రయత్నించి చూశారు. నాలుగోదాని దగ్గర చాలామంది ఆగిపోతారు. "ఏమీ ప్రయత్నించలేదు, ఏం చేసినా లాభం లేదు" అంటే ఇంకో వారం ఆడి రమ్మనండి. ఆ వారంలో సగం ఫిర్యాదులు వాటంతటవే సద్దుమణుగుతాయి. మిగిలిన సగం మాత్రం గట్టివి. వాటితోపాటు మ్యాచ్ రికార్డింగ్, రౌండ్ నంబర్ తీసుకోవడం మర్చిపోకండి.

గీత గీయగలరా, దాటినవాణ్ని పట్టుకోగలరా

బ్యాన్ చేయదలచినదానికి అంచులు స్పష్టంగా ఉండాలి. "నటాషా వాడకూడదు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. "ఒకేచోట ఎక్కువసేపు దాక్కోకూడదు" అంటే, ఎక్కువసేపు అంటే ఎంత అన్న వాదన ప్రతి మ్యాచ్‌లోనూ మొదలవుతుంది. రిఫరీ తల పట్టుకుంటాడు. వస్తువును బ్యాన్ చేయడం సులువు, ఆడే తీరును బ్యాన్ చేయడం చాలా కష్టం. రెండోది తప్పనిసరి అయితే సెకన్లలోనో, సంఖ్యలోనో కొలత పెట్టండి.

మధ్యలో ఇంకో రకం ఉంది: విడిగా బాగానే ఉండి, కలిస్తే ఇబ్బంది పెట్టే జంటలు. పోకెమాన్ పోరాటాలకు రూల్స్ పెట్టే స్మోగన్ సంస్థ 2011లో ఇలాంటిదే చేసింది. వాన కురిపించే డ్రిజిల్, వానలో వేగం పెంచే స్విఫ్ట్ స్విమ్ అనే రెండు సామర్థ్యాలూ ఒకే టీమ్‌లో ఉండకూడదంది, విడివిడిగా ఉండొచ్చంది. ఆ రోజుకి సమస్య తీరింది. కానీ ఒకసారి ఇలాంటి రూల్ పెట్టాక ప్రతి బలమైన గన్ అభిమానీ "మొత్తం తీసేయడం ఎందుకు, ఆ స్కోప్‌తో కలిపి మాత్రమే ఆపండి" అని అడుగుతాడు. రూల్‌బుక్ పొడవు పెరిగిపోతుంది, కొత్త టీమ్‌లకు చదవడమే భారమవుతుంది. నా మటుకు నేను జంట బ్యాన్‌లను చివరి దారిగానే ఉంచుకుంటాను.

ఇక పట్టుకోవడం. 2024 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ తయారుచేసే వాల్వ్ కంపెనీ ఒక నిర్ణయం ప్రకటించింది. ఎడమ, కుడి కీల మధ్య మార్పును కీబోర్డే ప్లేయర్ బదులు చూసుకునే స్నాప్ ట్యాప్ లాంటి సదుపాయాలను కౌంటర్ స్ట్రైక్ 2లో ఒప్పుకోమని చెప్పింది. అది గన్ కాకపోయినా ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది. ప్రకటనతోపాటే తమ అధికారిక సర్వర్లలో దాన్ని గుర్తించి మ్యాచ్ నుంచి బయటికి పంపే ఏర్పాటు కూడా తెచ్చింది. గుర్తించలేని దాన్ని బ్యాన్ చేస్తే మాట మీద నిలబడే ప్లేయర్లు మాత్రమే నష్టపోతారు.

గన్ విషయంలో మంచి ఏర్పాటు సర్వరే ఆ గన్‌ను ఇవ్వకపోవడం. టీమ్ ఫోర్ట్రెస్ 2 సర్వర్లలో దీనికి వైట్‌లిస్ట్ ఫైల్ ఉంటుంది. ఏ వస్తువు చెల్లుతుంది, ఏది చెల్లదు అని అందులో రాస్తారు. జాబితాలో అసలు లేని వస్తువును అనుమతించాలా వద్దా అన్నది కూడా అదే ఫైల్‌లో ఒక వరుసలో చెప్పొచ్చు. ఆ వరుస చిన్నదే, కానీ చాలా ముఖ్యం. "అనుమతించు" అని ఉంటే, రాత్రి అప్‌డేట్‌లో వచ్చిన కొత్త గన్ పొద్దున మీ మ్యాచ్‌లోకి చెప్పకుండా వచ్చేస్తుంది. మీ గేమ్‌లో ఇలాంటి సదుపాయం లేకపోతే, ప్రతి మ్యాచ్ తర్వాత రికార్డింగ్ ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. చూసేవాళ్లు లేకపోతే ఆ బ్యాన్ వద్దు.

అంకెలను ఎలా చదవాలి

ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

అందరూ ముందుగా చూసేది ఎంతమంది వాడుతున్నారు, వాడినవాళ్లు ఎన్ని గెలిచారు అన్న రెండు శాతాలు. రెండూ మోసం చేయగలవు. ఒక గన్ ఎంత బలమైనదంటే రెండు టీమ్‌లూ ప్రతి రౌండ్‌లోనూ దాన్నే వాడుతున్నాయనుకోండి. అప్పుడు దాని గెలుపు శాతం కచ్చితంగా 50 వస్తుంది, ఎందుకంటే గెలిచినవాడి చేతిలోనూ అదే, ఓడినవాడి చేతిలోనూ అదే. "50 శాతమే కదా, సమంగానే ఉంది" అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. మీరు చూడాల్సింది ఒక టీమ్ దగ్గర ఆ గన్ ఉండి, ఇంకో టీమ్ దగ్గర లేని రౌండ్లు మాత్రమే.

ఆ రౌండ్లలో కూడా ఒక చిక్కు ఉంది. డబ్బుతో గన్‌లు కొనే గేమ్‌లలో ఖరీదైన గన్ కొన్నారంటే ఆ టీమ్ దగ్గర అప్పటికే డబ్బు ఉన్నట్టు. కవచం, గ్రెనేడ్లు కూడా ఉండే ఉంటాయి. గెలుపులో గన్ వాటా ఎంత, డబ్బు వాటా ఎంత? రెండు టీమ్‌లూ దాదాపు సమానంగా ఖర్చు పెట్టిన రౌండ్లను విడదీసి చూడండి. అలాగే మంచి టీమ్‌లే ఒక గన్‌ను ముందుగా పట్టుకుంటాయి, అవి ఏ గన్‌తోనైనా గెలుస్తాయి. అందుకని ఒకే టీమ్ ఆ గన్‌తో ఎలా ఆడింది, అది లేకుండా ఎలా ఆడింది అని పోల్చడం మేలు.

తర్వాత ఎన్ని రౌండ్లు చూశారన్నది. 20 రౌండ్లలో 12 గెలిస్తే 60 శాతం, వినడానికి పెద్దగానే ఉంది. కానీ నాణేన్ని 20 సార్లు ఎగరేసినా, నాలుగింట ఒకసారి బొమ్మ 12 సార్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. అంటే ఆ 60 శాతం ఉత్త అదృష్టం కావడానికి బాగా అవకాశం ఉంది. అదే 200 రౌండ్లలో 120 గెలిస్తే శాతం మారదు, కానీ అదృష్టం కొద్దీ అలా రావడం వెయ్యికి మూడుసార్లు మాత్రమే. చిన్న లీగ్‌లకు 200 రౌండ్లు దొరకడానికి వారాలు పడుతుంది. ఆగగలిగితే ఆగండి. ఆగలేకపోతే "మా దగ్గర అంకెలు తక్కువ, అందుకే ఇది తాత్కాలికం" అని ప్రకటనలో రాయండి.

ఆట చెడిపోయే రకం ఫిర్యాదుకు ఇవేవీ పనికిరావు. దానికి మ్యాచ్ ఎంతసేపు నడిచింది, ఎన్ని రౌండ్లు గడువు అయిపోయి ముగిశాయి, రెండు టీమ్‌లూ ఎదురుపడకుండా ఎన్ని నిమిషాలు గడిచాయి అన్నవి తీయండి. మూడు నాలుగు రికార్డింగ్‌లు మొదటి నుంచి చివరిదాకా కమిటీ అంతా కలిసి చూడండి. ముక్కలు ముక్కలుగా చూస్తే అన్నీ అద్భుతమైన షాట్‌లే కనబడతాయి. విసుగు తెలియాలంటే పూర్తి మ్యాచ్ చూడాల్సిందే.

వీలైతే రెండు రాత్రులు ఆ గన్ లేకుండా ప్రాక్టీస్ మ్యాచ్‌లు పెట్టండి. గన్ తీసేస్తే దాని చోటులోకి ఏం వస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఒక్కోసారి వచ్చేది ఇంకా ఘోరంగా ఉంటుంది.

పూర్తి బ్యాన్ కన్నా చిన్న మందు ఉందేమో చూడండి

ధర మార్చడం అన్నిటికన్నా చిన్న మందు. సీఎస్ గో (కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్)లో ఆగ్ రైఫిల్ ధరను 2018 అక్టోబర్‌లో ఆట డబ్బులో 3300 నుంచి 3150 డాలర్లకు తగ్గించారు. ఆ కొద్ది తేడాకే ప్రొఫెషనల్ టీమ్‌లు దాన్ని విరివిగా కొనడం మొదలుపెట్టాయి. 2019లో ధరను మళ్లీ 3300కి తెచ్చారు. ధరలు గేమ్ తయారుచేసినవాళ్ల చేతిలో ఉంటాయి, మీ చేతిలో ఉండవు. కానీ వాళ్లు మార్చబోతున్నారన్న సూచన ఉంటే మీరు కొన్నాళ్లు ఓపిక పట్టొచ్చు. 2015 డిసెంబర్‌లో అదే గేమ్‌లోకి వచ్చిన ఆర్8 రివాల్వర్ ఒక్క దెబ్బకు ఎదుటివాణ్ని పడగొట్టేది. గొడవ గొడవ అయింది, రెండు మూడు రోజుల్లోనే వాల్వ్ దాని బలం తగ్గించేసింది. అలాంటిదానికి శాశ్వత బ్యాన్ రాసుకుని ఉంటే మళ్లీ తుడుచుకోవాల్సి వచ్చేది.

మీ చేతిలో ఉన్న మందు సంఖ్య మీద పరిమితి. "టీమ్‌కి ఒక్కటే" అంటే చాలా గన్‌లు అదుపులోకి వస్తాయి. టీమ్ ఫోర్ట్రెస్ 2 ఆరుగురి ఫార్మాట్‌లో మెడిక్, డెమోమ్యాన్ అనే పాత్రలు టీమ్‌కి ఒక్కొక్కటే ఉండాలన్న రూల్ ఆటకు ఎంత ఆకారం ఇచ్చిందో చెప్పలేను. ఓవర్‌వాచ్‌లో మొదట ఒకే హీరోను టీమంతా ఎంచుకోవచ్చు. 2016లో పోటీ మ్యాచ్‌లలో ఒక టీమ్‌లో ఒక హీరో ఒక్కసారే అన్న పరిమితి వచ్చింది.

మ్యాచ్‌కు ముందు టీమ్‌లే బ్యాన్‌లు ఎంచుకోవడం ఇంకో దారి. కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 3 పోటీ ఆటలోనే బ్యాన్ అండ్ ప్రొటెక్ట్ పద్ధతి ఉండేది, ఒక టీమ్ ఒకదాన్ని తీసేయొచ్చు, తనకు కావాల్సినదాన్ని కాపాడుకోవచ్చు. అందరూ ప్రతిసారీ ఒకే గన్‌ను తీసేస్తుంటే మీ ప్రశ్నకు ప్లేయర్లే జవాబు చెప్పినట్టు.

ఓటు ఎవరిది

కమిటీలో ఆ గన్ వల్ల గెలుస్తున్న టీమ్ మనిషి ఉంటాడు, ఓడుతున్న టీమ్ మనిషీ ఉంటాడు. చిన్న లీగ్‌లలో ఇది తప్పదు. వాళ్లను మాట్లాడనివ్వండి, ఓటు మాత్రం వేయనివ్వకండి. ఎవరు పక్కన కూర్చున్నారో ప్రకటనలో రాయండి.

స్మోగన్ పద్ధతి నాకు నచ్చుతుంది. అనుమానం ఉన్న పోకెమాన్‌పై పరీక్ష పెట్టినప్పుడు, ర్యాంకింగ్ మ్యాచ్‌లలో ఆడి నిర్ణీత స్థాయికి చేరినవాళ్లకే ఓటు ఇస్తారు. బ్యాన్ కావాలంటే 60 శాతం ఓట్లు రావాలి. ఆడి చూసినవాడి మాటకు బరువు ఉంటుంది, సగానికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే ఎవరి సాధనా బూడిదలో పోసిన పన్నీరు కాదు. మీ లీగ్‌కు అంత ఏర్పాటు కుదరకపోవచ్చు. కానీ "బ్యాన్‌కు మూడింట రెండొంతులు" అన్న రూల్ ఈ రోజే రాసుకోవచ్చు.

మీరు రానివ్వకూడనిది ఒకటుంది, లోపాయికారీ ఒప్పందాలు. కాల్ ఆఫ్ డ్యూటీ ప్రొఫెషనల్ ప్లేయర్లు అధికారిక రూల్స్‌లో లేని కొన్ని గన్‌లను, అటాచ్‌మెంట్లను (గన్‌కు తగిలించుకునేవాటిని) వాడకూడదని తమలో తాము అనుకోవడం ఏళ్లుగా ఉంది. పైస్థాయిలో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టి అక్కడ నడుస్తుంది. మీ లీగ్‌లోకి కొత్తగా వచ్చిన టీమ్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. రూల్‌బుక్ చూసి గన్ వాడతారు, గెలుస్తారు, మోసగాళ్లన్న పేరు మోస్తారు. అందరూ వద్దనుకుంటున్న గన్ ఉంటే దాన్ని తెచ్చి రూల్‌బుక్‌లో పెట్టండి.

ఎప్పటి నుంచి

బగ్ అయితే వెంటనే. అతి బలం అయితే కనీసం ఒక వారం నోటీసు ఇచ్చి. ఆట చెడిపోయే రకం అయితే వచ్చే సీజన్ నుంచి. ప్లేఆఫ్ మధ్యలో బగ్ తప్ప దేన్నీ ముట్టుకోకండి.

ప్రకటన రాయడం

ఇప్పుడు కమిటీలో ఒకరు, ఓటుకు ముందే, బ్యాన్ అయినట్టు ఊహించుకుని ప్రకటన రాయాలి. చదివేవాడు ఎవరో మనసులో పెట్టుకోండి: ఈ నిర్ణయం వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయే ప్లేయర్. అతను ఒప్పుకోకపోవచ్చు. కానీ చదివాక "ఎందుకు చేశారో అర్థమైంది" అనగలగాలి.

ఒక నమూనా ఇస్తున్నాను. ఇందులో గన్, అంకెలు ఊహించి రాసినవి.

*మెరుపు షాట్‌గన్ మీద నిర్ణయం*

*6వ వారం మొదటి మ్యాచ్ నుంచి ఈ సీజన్ చివరిదాకా, ఐదుగురి ఫార్మాట్‌లో మెరుపు షాట్‌గన్ వాడకూడదు. ఇద్దరి ఫార్మాట్‌కు ఇది వర్తించదు.*

*కారణం: దూకుతూ కాల్చినా ఈ గన్ గురి చెదరడం లేదు. ఇరుకు తలుపుల దగ్గర కాపలా ఉన్న ప్లేయర్ ముందుగా చూసినా, ముందుగా కాల్చినా, దూకి వచ్చినవాణ్ని ఆపలేకపోతున్నాడు. స్మోక్, ఫ్లాష్, వెనక్కి తగ్గి నిలబడటం మూడూ టీమ్‌లు ప్రయత్నించాయి. తేడా రాలేదు.*

*చూసినవి: 1 నుంచి 4వ వారం దాకా 48 మ్యాచ్‌లు. ఒక్క టీమ్ మాత్రమే ఈ గన్ కొని, ఖర్చు రెండువైపులా దాదాపు సమానంగా ఉన్న రౌండ్లు 310. వాటిలో గన్ ఉన్న టీమ్ గెలిచినవి 201. టీమ్‌కి ఒక్కటే అన్న పరిమితితో రెండు రాత్రులు ప్రాక్టీస్ పెట్టాం, ఫలితం మారలేదు.*

*ఓటు: బ్యాన్‌కు 5, వద్దని 2. ఇద్దరు సభ్యులు తమ టీమ్‌కు సంబంధం ఉన్నందున ఓటు వేయలేదు. వద్దన్నవారి మాట: నాలుగు వారాలు తక్కువ, టీమ్‌లకు జవాబు కనుక్కోవడానికి ఇంకా సమయం ఇవ్వాలి.*

*తిరిగి ఎప్పుడు చూస్తాం: దూకేటప్పుడు గురి మార్చే ప్యాచ్ వస్తే ఏడు రోజుల్లోపు. రాకపోతే సీజన్ అయ్యాక.*

*పొరపాటున కొంటే: వెంటనే కింద పడేయాలి. కాలిస్తే ఆ రౌండ్ ఎదుటి టీమ్‌కు వెళుతుంది.*

*ఈ గన్ మీద సాధన చేసిన ప్లేయర్లకు: మీరు రూల్స్ ప్రకారమే ఆడారు. ఇప్పటిదాకా గెలిచిన మ్యాచ్‌లన్నీ మీవే, వాటిలో ఏదీ మారదు.*

చివరి పేరాను దయచేసి వదిలేయకండి. మేం ఆ కుర్రాడికి రాయాల్సింది అదే, రాయలేదు. వద్దని ఓటు వేసినవాళ్ల కారణం పెట్టడానికి కూడా కమిటీలు జంకుతాయి, మనలో మనకే ఏకాభిప్రాయం లేదని తెలిసిపోతుందేమోనని. నా అనుభవంలో జరిగేది వేరు. తన వాదన కమిటీ గదిలో వినబడిందని తెలిస్తే ప్లేయర్ కోపం సగం తగ్గుతుంది.

ఈ చిత్తుప్రతిలో కారణం పేరా నిండకపోతే, లేదా అందులో "చాలామంది అడుగుతున్నారు" తప్ప ఇంకేమీ లేకపోతే, ఓటు వాయిదా వేయండి. ప్రతిపాదన వీగిపోయినా ప్రకటన పెట్టండి. "ఫలానా గన్‌ను పరిశీలించాం, ఈ కారణాల వల్ల ఉంచుతున్నాం" అన్న ప్రకటన కూడా బ్యాన్ ప్రకటన అంత అవసరమే. లేకపోతే అదే ఫిర్యాదు నెలకోసారి తిరిగి వస్తుంది.

గేమ్ కంపెనీ నిర్ణయానికీ మీదానికీ తేడా ఉంటే ఆ మాట కూడా రాయండి. టీమ్ ఫోర్ట్రెస్ 2లో 2016 జూలైలో వాల్వ్ సొంతంగా పోటీ మ్యాచ్‌లు మొదలుపెట్టినప్పుడు వాటిలో గన్‌ల మీద బ్యాన్‌లు పెట్టలేదు, లీగ్‌లు మాత్రం తమ జాబితాలు కొనసాగించాయి. అలాంటప్పుడు "గేమ్‌లో ఉందిగా, ఇక్కడెందుకు లేదు?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది.

ప్రకటన పెట్టాక

మొదటి రెండు రోజులు ఒకరే జవాబులివ్వాలి. ముగ్గురు మూడు రకాలుగా చెబితే రాసిన ప్రకటన వృథా. ప్రకటనలో లేని కొత్త కారణాన్ని జవాబుల్లో పుట్టించకండి. ఎవరైనా లెక్కలో తప్పు చూపిస్తే దిద్దండి, దిద్దినట్టు ప్రకటనలోనే తేదీతో రాయండి.

నిర్ణయం వెనక్కి తీసుకోవాల్సి వస్తే దాచకండి. కార్డ్ గేమ్ మ్యాజిక్ ద గ్యాదరింగ్ నిర్వాహకులు 2017 ఏప్రిల్ 24న స్టాండర్డ్ ఫార్మాట్‌లో మార్పులేవీ లేవన్నారు. రెండు రోజులు తిరక్కుండానే, ఆన్‌లైన్ మ్యాచ్‌ల నుంచి కొత్తగా వచ్చిన అంకెలు చూసి ఫెలిడార్ గార్డియన్ అనే కార్డును బ్యాన్ చేశారు. మాట మార్చారని తిట్లు పడ్డాయి. అయినా ఏ అంకెల వల్ల మార్చారో రాసి చెప్పారు కాబట్టి వాదన ఆ అంకెల చుట్టూ జరిగింది.

పక్క లీగ్‌లతో మాట్లాడటం కూడా ఈ దశలోనే. సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్‌లో మెటా నైట్ అనే పాత్రను 2012 మొదలు నుంచి బ్యాన్ చేయాలని అమెరికాలో ఒక ఉమ్మడి రూల్స్ కమిటీ 2011లో నిర్ణయించింది. టోర్నమెంట్లన్నీ దాన్ని పాటించలేదు. ఒకచోట చెల్లే పాత్ర ఇంకోచోట చెల్లక ప్లేయర్లు నలిగిపోయారు, చివరికి ఆ కమిటీయే నిలవలేదు. టీమ్ ఫోర్ట్రెస్ 2 లీగ్‌లకూ ఒకప్పుడు ఖండానికో జాబితా ఉండేది, తర్వాత ఉమ్మడి జాబితా వైపు కదిలాయి. మీ ప్లేయర్లు ఇంకో లీగ్‌లో కూడా ఆడుతుంటే, నిర్ణయానికి ముందే ఆ అడ్మిన్‌లకు మీ చిత్తుప్రతి పంపండి.

ఇక మిగిలింది గన్‌ను తిరిగి ఇవ్వడం. బ్యాన్ చేయడానికి వందమంది అడుగుతారు, తిరిగి ఇవ్వమని ఎవరూ అడగరు, ఆ గన్ వాడేవాళ్లు అప్పటికే వేరేదానికి మారిపోయి ఉంటారు. అందుకే ప్రకటనలో రాసిన తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆ రోజు వచ్చినప్పుడు సీజన్ల మధ్య ఒక చిన్న కప్ పెట్టి, పాయింట్లు లెక్కలోకి రాకుండా, బ్యాన్‌లో ఉన్న గన్‌లన్నీ అనుమతించి ఆడించండి. పాత ప్రకటన పక్కన పెట్టుకుని, అందులో రాసిన కారణం ఇప్పటికీ నిజమేనా అని చూడండి. నిజం కాకపోతే గన్‌ను తిరిగి ఇచ్చేయండి, ఆ ప్రకటన కింద తేదీ వేసి "ముగిసింది" అని రాయండి.